కుందుర్పివారి వంశాచారం

ధర్మవరంలో కుందుర్పి నరసింహప్పకు కొత్త మనిషి ఎదురైతే మొదట అడిగేది పేరు కాదు, ఇంటిపేరు. పేరుదేముంది, ఆ పూట అమ్మకో నాయనకో ఏది తోస్తే అది పెట్టేస్తారు; మనిషి ఎవరో బయటపడేది ఇంటిపేరులోనేనని ఆయన నమ్మకం. మజ్జిగ ఇచ్చేముందు ఇంటిపేరు, ఆటో ఎక్కాక ఇంటిపేరు. పంటి డాక్టరు నోరు తెరవమంటే తెరిచి, ముందు ఆ డాక్టరు ఇంటిపేరు అడిగాడు. ఎదుటివాడు పొరపాటున ‘కుందుర్పి’ అన్నాడా, ఇక వాడు పరాయివాడు కాడు. వయసును బట్టి అన్నో, తమ్ముడో, కొడుకో అయిపోయి, ఆ పూట నరసింహప్ప ఇంట్లో అన్నం తిని గానీ కదలడానికి లేదు. కులం కూడా కలిస్తేనే లెండి. తన సిద్ధాంతం చుట్టూ ఆ చిన్న కంచె ఒకటుందని ఆయనకే తెలియదు, అంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి.

ఆ సిద్ధాంతం ఇది. పూర్వం ఒక కరువులో కుందుర్పి నుంచి ఒకే ఒక్క మగవాడు మొలలో మగ్గం నాడె దోపుకుని నడుచుకుంటూ వచ్చాడు. ఆయనకు కొడుకులు పుట్టారు, వాళ్ళకు కొడుకులు పుట్టారు. ధర్మవరంలో, కదిరిలో, హిందూపురంలో ఉన్న కుందుర్పివాళ్ళంతా ఆ ఒక్కడి రక్తమే. కాబట్టి వాళ్ళలో వాళ్ళు అన్నదమ్ములు, అన్నాచెల్లెళ్ళు. ఈ కథలో నమ్మదగింది కరువు ఒక్కటే. మిగతాదానికి సాక్ష్యం లేదు. నరసింహప్ప పుట్టాక కుందుర్పి ముఖం చూసింది లేదు. ధర్మవరం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయి, కుందుర్పి అనంతపురం జిల్లాలో మిగిలిన రోజు మాత్రం, ఎవరో తన వంశాన్ని నిలువునా చీల్చినట్టు రెండు పూటలు అన్నం మానేశాడు.

ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలు. చిన్నప్పటి నుంచి పెళ్ళిచీరలు నేసిన చెయ్యి. పనిలో ఎవరూ వంక పెట్టలేరు. భార్య నాగలక్ష్మమ్మ అనేది వేరే. “మాయప్పకు ఇంటిపేరు తెలుసు. ఇంట్లో ఏముండాదో తెలీదు.”

ఇంట్లో ఉన్నది కూతురు హేమావతి. బజారులో ఒక డిజైన్ల షాపులో కంప్యూటరు మీద చీరల అంచులు గీస్తుంది. కదిరి దగ్గర ఒక గ్రామ సచివాలయంలో సర్వేయరుగా ఉన్న చంద్రమోహన్ అనే కుర్రాడు, వాళ్ళ అక్క పెళ్ళిచీరకు అంచు ఎంచుకోవడానికని ఆ షాపుకొచ్చి, అంచు తప్ప అన్నీ చూసుకుని వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఆ అక్క పెళ్ళయి కాపురానికి పోయింది, వీడి రాకపోకలు ఆగలేదు. సంగతి నాగలక్ష్మమ్మకు తెలుసు. కుర్రాడి ఇంటిపేరు కూడా తెలుసు. ముప్పు అక్కడే ఉందనీ తెలుసు. అందుకని మొగుడితో “కదిరి పిల్లోడు, సర్కారు ఉద్యోగం, మనోళ్ళే” అని మాత్రం చెప్పింది. “ఇంటిపేరేంది?” అంటే, “వస్తాండారు కదా, నువ్వే అడుగు” అంది. పిల్లవాణ్ణి చూశాక మనసు మెత్తబడుతుందని ఆమె ఎత్తు.

మెత్తబడింది కూడా. చంద్రమోహన్ వచ్చీ రాగానే మగ్గం మీదున్న చీర దగ్గరికి పోయి, కొంగు మీద చెయ్యి వేయకుండా వంగి చూసి, “జరీ ఎంత సన్నంగా పడింది సార్” అన్నాడు. నరసింహప్ప పొంగిపోయాడు. మైసూరుపాకు తనే పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. తనూ ఒకటి తీసుకుని, కుర్రాడి తల్లి యశోదమ్మ వైపు తిరిగాడు. ఆమె మొగుడు పోయినా జంకు లేకుండా ఇద్దరు పిల్లల్ని ఒక ఒడ్డుకు చేర్చిన మనిషి.

“ఇంతకీ మీది ఏ ఇల్లమ్మా?”

“మా ఆయనోళ్ళది కుందుర్పన్నా.”

మైసూరుపాకు నోటికీ పళ్ళేనికీ మధ్య ఆగిపోయింది.

“కుందుర్పా?”

“ఊ, కుందుర్పే. ఏం, ఆ ఊరేమన్నా చెడ్డదా?”

“బంగారట్లాటి ఊరమ్మా! అదే కదా చిక్కు. మాదీ కుందుర్పే. అంటే ఒకే రక్తం. వీళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు!” అని కుర్రాడి వైపు తిరిగి, గొంతు మార్చి, “నాయనా, నువ్వు నాకు కొడుకు వరసైతావు. ఇంకో మైసూరుపాకు తీసుకో” అన్నాడు.

“నాకు అక్క ఉండాది సార్. అది చాలు” అన్నాడు చంద్రమోహన్.

“గోత్రాలు వేరే అని అయ్యవారు చెప్పినాడు కదన్నా?” అంది యశోదమ్మ.

“గోత్రం అయ్యవారిచ్చింది. ఇంటిపేరు తాతలిచ్చింది. అయ్యవారు మా తాతలకంటే పెద్దోడా?”

యశోదమ్మ లేచింది. “శ్రావణంలో నా కొడుక్కు పెళ్ళి చేసేది చేసేదే. అనంతపురంలో ఇంకో సంబంధం కాసుకోనుండాది. మీ తాతల్ని అడిగి ఆలోపల చెప్పు. తాతలు పలక్కపోతే నేను ఆడికే పోతా.”

వాళ్ళు వెళ్ళాక హేమావతి ఏడవలేదు. నాయన ఎదురుగా నిలబడి ఒకటే అడిగింది. “నాయనా, ఆయప్ప పోయి వేరే పిల్లను చేసుకుంటే, మీ తాత వచ్చి నన్ను చేసుకుంటాడా?” నరసింహప్ప మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు.

మర్నాడు నాగలక్ష్మమ్మ జకార్డు బాషాకు ఫోన్ చేసింది. చీరలో పువ్వు పడేలా పోగుల్ని లేపే జకార్డు పెట్టె మగ్గం నెత్తిన ఉంటుంది. అది మొరాయిస్తే ధర్మవరంలో సగం ఇళ్ళకు దిక్కు జిలాన్ బాషానే. నరసింహప్ప ఇంట్లో ఏళ్ళ తరబడి మగ్గాలెక్కి దిగుతున్న మనిషి. ఆ రోజు మగ్గానికి ఏమీ కాలేదు. బాషా పైకెక్కి చూసి, “బాగనే ఉండాది కదా వదినా?” అన్నాడు.

“మగ్గం బాగనే ఉండాది. బాగలేనిది కింద కూసోనుండాది. నీ ఇంటిపేరేందో మీ అన్నకు చెప్పు.”

“కుందుర్పి” అన్నాడు బాషా పైనుంచి.

నరసింహప్ప తలెత్తాడు. ప్రపంచమంతటినీ ఇంటిపేరు అడిగిన మనిషి, ఏళ్ళుగా తన నెత్తిమీద పని చేసే బాషాను ఎన్నడూ అడగలేదు. నాగలక్ష్మమ్మకు మాత్రం ఎప్పుడో తెలుసు. రేషను షాపులో “కుందుర్పీ!” అని పిలిచినప్పుడల్లా ఆమె, బాషా భార్య మెహరున్నీసా ఇద్దరూ ఒకేసారి సంచి పట్టుకుని ముందుకు పోయేవాళ్ళు.

“నీకెట్ల వచ్చిందిరా ఆ పేరు?”

“మా తాత ఆడినించి వచ్చినాడంట అన్నా. మీ తాతొక్కనికే కాళ్ళుండాయా?”

“ఏమయ్యా” అంది నాగలక్ష్మమ్మ, “ఒకే ఇంటిపేరు, ఒకే రక్తమంటివి. అయితే బాషా నీ తమ్ముడు. కాదంటే ఇంటిపేరులో రక్తం లేదు, నీ కూతురికి కదిరి పిల్లోడు. ఏదో ఒకటి చెప్పు, నేను అన్నానికి ఎసరు పెట్టల్ల.”

నరసింహప్ప ఎసరు పెట్టనివ్వలేదు. బాషా కుందుర్పివాడే కాదని, ఎక్కడో నడుమ తగిలించుకున్న పేరని తేలుస్తానన్నాడు. మరుసటి పొద్దున్నే బాషాను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. అనంతపురంలో ఒక బస్సు, కళ్యాణదుర్గంలో ఇంకో బస్సు. దారి పొడుగునా ఎండిన వేరుశనగ చేలు, కంకర గుట్టలు, గాలిమరలు. కుందుర్పిలో దిగేసరికి నరసింహప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాషాకు ఆకలేసింది. ఇద్దరూ బస్టాండు దగ్గర ఈరప్ప అనే ఆయన టీ అంగట్లో కూర్చున్నారు.

“ఏమప్పా, కుందుర్పోళ్ళ ఇండ్లు యాడుండాయి?” అన్నాడు నరసింహప్ప.

“ఊరంతా కుందుర్పోళ్ళే కదా సామీ.”

“అట్ల కాదు. ఇంటిపేరు కుందుర్పి ఉండేటోళ్ళు.”

ఈరప్ప నవ్వాడు. “ఆ ఇంటిపేరోళ్ళు ఈడెట్లుంటారు? ఈడ అందరిదీ కుందుర్పే అయితే, ఎవరిని ఎట్ల పిల్చేది? ఊరిడిసి పోయినోళ్ళను ఆ పక్కూరోళ్ళు అట్ల పిలుస్తారు. మాది చూడండి, ఇంటిపేరు మడకశిర. నేను మడకశిర చూడనే లేదు.”

ఊరిపేరు ఇంటిపేరు కావడానికి ఉన్న దారి అదొక్కటే, ఆ ఊరిని వదిలిపెట్టడం. ఈ పీఠభూమిలో వాన మోసం చేసిన ప్రతిసారీ కొన్ని ఇంటిపేర్లు పుట్టాయి. నేతగాడు పోయాడు, దూదేకులవాడు పోయాడు, మంగలి పోయాడు, పోయినవాళ్ళంతా ఒక్క పేరునే మోసుకుపోయారు. వాళ్ళందరినీ కలిపింది రక్తం కాదు, ఒకే దిక్కున ఎండిపోయిన బావులు. టీ అంగడి ఈరప్ప ఒక్క మాటలో తేల్చేసిన ఈ సంగతి, వేరే ఎవరైనా అయితే అర్థం చేసుకుని, గమ్మున ఇంటికొచ్చి ముహూర్తం పెట్టుకునేవాడు.

నరసింహప్ప వేరే ఎవరో కాదు. తిరుగు బస్సులో కళ్యాణదుర్గం దాకా లెక్క వేసుకున్నాడు. బాషాను కాదంటే సిద్ధాంతం పోతుంది. సిద్ధాంతం పోతే కూతురి విషయంలో తను అందరిముందూ అన్న మాట పోతుంది. బస్సు దిగేముందు బాషా భుజం మీద చెయ్యి వేశాడు.

“బాషా, నువ్వు నా తమ్ముడివేరా.”

“అన్నా, ఎండదెబ్బ గాని తగిలిందా?”

“ఒకే రక్తం. తేలిపోయింది. నడుమ యాడనో మీరు మతం మారింటారు, అంతే.”

“మేము మారినామో, మీరు మారినారో!” అన్నాడు బాషా. అన్నదమ్ముల మొదటి జగడం కళ్యాణదుర్గం బస్టాండులోనే అయింది.

భర్త ఇలా తిరుగుతాడని నాగలక్ష్మమ్మ కలలో కూడా అనుకోలేదు. ఆయన మాత్రం పట్టిన పట్టు సాగించాడు. ఉగాదికి దాయాదుల లెక్కన బాషా ఇంటికి ఓళిగలు పంపాడు. రంజాన్ నాడు అందరికంటే ముందు పోయి షీర్ ఖుర్మా దగ్గర కూర్చుని, పెద్దవాణ్ణి నేనే కాబట్టి మొదటి గిన్నె నాదేనన్నాడు. మెహరున్నీసాను “ఏమమ్మా మరదలా” అని పిలిచాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. ఈ కబురు విని ఊళ్ళోని ఒక సంఘంవాళ్ళు మతసామరస్యానికి సన్మానమంటూ శాలువా పట్టుకొచ్చారు. నరసింహప్పకు ఒళ్ళు మండింది. “సామరస్యమేంది? నా తమ్మునితో నాకు సామరస్యమేంది? మీ ఇండ్లల్లో అన్నదమ్ములకు శాలువాలు కప్పుతారా?” అని తరిమాడు. శాలువా వాళ్ళు వీధి చివర జామకాయల బండి దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించుకున్నారు.

తర్వాత పుట్టపర్తిలో బాషా చిన్నాయన పోయాడు. లాడ్జీల ముందు పూలమ్ముకుంటూ నిండుగా బతికిన ముసలాయన. కబురు వినగానే నరసింహప్ప తలమీద నీళ్ళు పోసుకుని, ఇంటికి మైల వచ్చిందని ప్రకటించాడు. దీపం లేదు, తాలింపు లేదు, గడ్డం గీసుకోవడం లేదు. మగ్గాలు ఆపేశాడు.

“ఎవరన్నా వింటే నవ్విపోతారయ్యా! ఆయప్పను నువ్వు చూసింది గూడా లేదు” అంది నాగలక్ష్మమ్మ.

“రక్తానికి చూపుతో పనేముండాది?”

మూడు దినాలు దాటాక బాషా శుభ్రంగా గడ్డం గీసుకుని, సెంటు పూసుకుని, ఆగిపోయిన మగ్గాలేమయ్యాయో చూద్దామని వచ్చాడు. మాసిన గడ్డంతో గోడకానుకుని కూర్చున్న నరసింహప్పను చూసి బిత్తరపోయాడు.

“ఏమన్నా, ఒంట్లో బాగలేదా?”

“మైల కదరా! నువ్వేంది పెండ్లికొడుకు మాదిరి వచ్చినావు? పది దినాలు కాకముందే!”

“మాకు మూడు దినాలే అన్నా. అయిపోయింది.”

“మన వంశంలో పది.”

“చచ్చిపోయినోడు మా చిన్నాయన. ఆయప్ప లెక్క ప్రకారం కాదా?”

నరసింహప్ప కాసేపు గడ్డం గోక్కున్నాడు. “చిన్న తమ్ముడివి, నీకు మూడు. పెద్దోణ్ణి, నాకు పది” అని తీర్పు చెప్పి మళ్ళీ గోడకు ఆనుకున్నాడు.

ఇక్కడ నవ్వుకోని మనిషి హేమావతి ఒక్కతే. శ్రావణం దగ్గర పడుతోంది. అనంతపురం సంబంధంవాళ్ళు కదిరికి వచ్చి పోయారని, తల్లి ఇంకో వారం కంటే ఆగేలా లేదని చంద్రమోహన్ ఫోన్ చేశాడు. నాయన ఎంతకాలం మొండికేస్తాడో తేలక, ఆ పిల్ల షాపులో గీసిన హంసలన్నీ మెడలు వంచుకుని నేల చూస్తున్నాయని యజమాని విసుక్కున్నాడు.

ఆ వారంలోనే బాషా కూతురు ఫిర్దోస్ పెళ్ళి. పెళ్ళికొడుకు బెంగుళూరులో ఏసీలు బాగుచేసే షారుక్. సంబంధం కుదిరినప్పుడు “ఎవరిండ్లోళ్ళు?” అని నరసింహప్ప అడక్కపోలేదు. హడావుడిలో ఉన్న బాషా, “మనోళ్ళే అన్నా, బయటోళ్ళు కాదు” అని, పందిరివాడి వెంట పరుగెత్తాడు. పెళ్ళినాడు ఇంటి పెద్ద హోదాలో నరసింహప్పను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఫంక్షన్ హాలు నిండా అత్తరు వాసన, బిర్యానీ వాసన. నిఖా ముగిసింది. భోజనాల దగ్గర పెళ్ళికొడుకును ఆయన పక్కనే కూర్చోబెట్టారు. ఇక ఆ ప్రశ్న ఆగుతుందా?

“మీ ఇంటిపేరేందప్పా?”

“కుందుర్పి, పెద్దనాయనా.”

నరసింహప్ప పిడికిట్లోని బిర్యానీ విస్తట్లోకి జారిపోయింది.

“ఫిర్దోస్ వాళ్ళ నాయన మా నాయనకు సొంత తమ్ముడే” అన్నాడు షారుక్, ముసలాయన మొహం చూసి భయపడి.

“బాషా! ఒరే బాషా!” హాలంతా తిరిగి చూసింది. బాషా చేతిలో రైతా బకెట్టుతోనే పరుగెత్తుకొచ్చాడు.

“ఏందిరా ఇది? కుందుర్పి పిల్లను కుందుర్పి పిల్లోనికే ఇస్తావా? అన్న కొడుక్కా?”

“మాలో చేసుకుంటాము కదన్నా. పిల్లది కండ్ల ముందే ఉంటాది. మా అమ్మానాయనా గూడా అన్నదమ్ముల పిల్లోళ్ళే. మా జేజీ జేజినాయనా అంతే. కుందుర్పోళ్ళు చేసుకునేది కుందుర్పోళ్ళనే.”

“ఏ వంశంలో ఉండాదిరా ఈ వాడుక?”

బాషా బకెట్టు కింద పెట్టాడు. “ఎవరి వంశమన్నా? మనదే.”

అప్పటికి నాగలక్ష్మమ్మ ఆడవాళ్ళ పంక్తిలోంచి లేచి వచ్చింది. ఆమె గొంతు మెల్లగా ఉంటే ప్రమాదమని నరసింహప్పకు బాగా తెలుసు.

“ఏమయ్యా, మీ వంశంలో ఇట్లాటి ఆచారముందని ఇన్నేండ్లల్లో నాకొక్క మాటన్నా చెప్పినావా? తమ్మునికి మైల పట్టినావు, ఓళిగలు పంపినావు, షీర్ ఖుర్మాలో మొదటి గిన్నె తాగినావు. అన్నిటికీ ఒకే వంశం. పెండ్లి కాడికొచ్చేతలికి వేరే వంశమైతాదా?”

నరసింహప్ప ముందు మళ్ళీ రెండు దారులే. బాషా తమ్ముడు కాదంటే ఇంటిపేరులో రక్తం లేదు, కూతురికి కదిరి పిల్లవాడు. తమ్ముడే అంటే వంశంలో ఇలాంటి పెళ్ళిళ్ళున్నాయి, కూతురికి కదిరి పిల్లవాడే. రెండు దారులూ కదిరికే పోతున్నాయి. మనిషి చేయగలిగింది ఏ దారిన పోతే తల ఎత్తుకుని పోవచ్చో చూసుకోవడమే.

“మూడు తరాల నుంచా?” అన్నాడు బాషాతో.

“అంతకుముందు గూడా ఇంతేనంట.”

“అయితే ఆచారమే” అన్నాడు నరసింహప్ప. జారిపోయిన బిర్యానీని మళ్ళీ పిడికిట్లోకి తీసుకున్నాడు. “రైతా పొయ్యిరా.”

ఆడవాళ్ళ పంక్తిలో హేమావతి మెహరున్నీసాను గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఏడ్చింది కూడా.

మర్నాడు నరసింహప్ప కదిరి పోయాడు. క్షమించమని అడగడానికి పోయాడనుకుంటే పొరపాటు. తప్పు చేసింది యశోదమ్మే అన్న ధోరణిలో పోయాడు.

“ఏమమ్మా, అనంతపురం సంబంధం చూస్తాండావంట? మన వంశాచారం ఏంది, నువ్వు చేసేదేంది? కుందుర్పి పిల్లోనికి కుందుర్పి పిల్లనే చేసుకోవల్ల. బయట ఇంటిపేరు తెస్తే తాతలు ఊరుకుంటారా?”

యశోదమ్మ చేటలో కందిబ్యాళ్ళు చెరిగేది ఆపింది. “ఆ దినం అన్నాచెల్లెళ్ళంటివి కదన్నా?”

“అప్పుడు నాకు పూర్తిగా తెలీదమ్మా. వంశమంటే పెద్దది. విచారించినాక తెలిసింది.”

“మరి నేను బయట ఇంటిపేరు దాన్నే కదా? నన్నెట్ల చేసుకున్న్యారు మీ కుందుర్పోళ్ళు?”

నరసింహప్ప క్షణం తడబడలేదు. “అదే తప్పు. ఇప్పుడు సరిదిద్దుకుంటాండాము.”

యశోదమ్మ కందిబ్యాళ్ళు చెల్లాచెదరయ్యేలా నవ్వింది. అనంతపురానికి ఫోన్ చేసి కాదని చెప్పమని కొడుకును పిలిచింది. చంద్రమోహన్ అప్పటికే చెప్పేశాడు, నాలుగు రోజుల కిందటే, తల్లికి తెలియకుండా.

శ్రావణంలో పెళ్ళయింది. హేమావతి స్నేహితురాలు నందిని, పెళ్ళయ్యాక ఆధార్లో ఇంటిపేరు మార్చుకోవడానికి మీసేవ చుట్టూ తిరిగి చెప్పులరగ్గొట్టుకున్న మనిషి, కుళ్ళుకుని చచ్చింది. పందిట్లో చిక్కొచ్చింది భోజనాల దగ్గర. ఆడపెళ్ళివారికి ఒక పక్క, మగపెళ్ళివారికి ఒక పక్క బల్లలు వేసి, వంటమేస్త్రీ తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను విడదీస్తున్నాడు. ఎవరిని అడిగినా “కుందుర్పోళ్ళం” అంటున్నారు. కొత్త అంగీ తొడుక్కుని, ఫిర్దోస్‌నూ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని బాషా వచ్చాడు.

“నువ్వు ఏ పక్కన్నా?” అన్నాడు మేస్త్రీ, తల పట్టుకుని.

“పిల్లకు చిన్నాయనను” అన్నాడు బాషా, ఆడపెళ్ళివారి బల్ల వైపు నడుస్తూ. వడ్డించిన ఓళిగ తినేసి, చెయ్యి కడగకుండానే లేచి, రెండో పక్కకు పోయి కూర్చున్నాడు. “పిల్లోనికి గూడా చిన్నాయననే. ఇంగోటి ఎయ్యప్పా.”